పాత డీజిల్ కారుకు సెల్ఫ్ మోటార్ మార్చాలంటే ముందు ఏం చూడాలి

తాళం తిప్పగానే "టక్" అని ఒక్క శబ్దం వచ్చి బండి మౌనంగా ఉండిపోతుంది. లేదంటే ఇంజన్ మూలుగుతూ రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. అప్పుడు ఎవరికైనా మొదట తట్టేది ఒకటే, సెల్ఫ్ మోటార్ పోయింది, కొత్తది కొనాలి. నెట్‌లో బండి పేరు, మోడల్ సంవత్సరం కొడితే పది పదిహేను మోటార్లు కనిపిస్తాయి. ఫోటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి, ధరలు మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేకుండా ఉంటాయి, ఏదో మధ్యస్థంగా ఉన్నదాన్ని ఎంచుకుని తెప్పిస్తే బోల్టులు కలవవు, లేదా బోల్టులు కలుస్తాయి గానీ ఇంజన్ మునుపటికంటే నెమ్మదిగా తిరుగుతుంది. ఒకే కారును పదేళ్ళ పాటు రకరకాల ఇంజన్లతో, రకరకాల గేర్‌బాక్సులతో అమ్మి ఉంటారు, మధ్యలో సెల్ఫ్ మోటార్ తయారీదారు కూడా మారి ఉండొచ్చు. కాబట్టి పాత డీజిల్ బండికి మోటార్ ఎంచుకోవాల్సింది ఇంజన్ మీంచి విప్పిన పాత మోటార్‌ను ఎదురుగా పెట్టుకుని, దాని లేబుల్, దాని పళ్ళు, దాని కొలతలు చూసుకుంటూ.

డీజిల్ ఇంజన్ తిప్పడానికి అంత బలం ఎందుకు కావాలో ముందు తెలిస్తే మిగతా లెక్కలన్నీ తేలికగా అర్థమవుతాయి. పెట్రోల్ ఇంజన్‌లో మంట పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంది, ఇంజన్ కాస్త బద్ధకంగా తిరిగినా నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. డీజిల్‌కు ఆ సాయం లేదు. పిస్టన్ గాలిని నొక్కితే ఆ నొక్కుడుకే గాలి వేడెక్కాలి, ఆ వేడికి డీజిల్ తనంతట తానే మండాలి. పాతకాలం పెట్రోల్ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి 8 నుంచి 10 దాకా ఉంటే, ప్రీ-ఛాంబర్ (డీజిల్ మొదట అంటుకునే చిన్న గది) ఉన్న పాత డీజిల్ కార్లలో అది 20 నుంచి 23 దాకా ఉంటుంది. మెర్సిడెస్ డబ్ల్యూ123 కార్లలో వచ్చిన 5 సిలిండర్ల ఓఎం617 ఇంజన్‌లో సుమారు 21. అంటే సెల్ఫ్ మోటార్ ప్రతి కంప్రెషన్ దగ్గరా ఒక చిన్న కొండ ఎక్కి దిగుతున్నట్టే. పైగా ఎక్కితే సరిపోదు, త్వరగా ఎక్కాలి. గాలిని నెమ్మదిగా నొక్కితే రింగుల సందుల్లోంచి కొంత జారిపోతుంది, మిగిలిన వేడిని చల్లటి సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి, ఇంజన్ అరిగిందైతే ఈ నష్టం ఇంకా ఎక్కువ. పాత డీజిల్ కారు ఇంజన్ చలిలో కూడా తేలిగ్గా అంటుకోవాలంటే నిమిషానికి దాదాపు 150 నుంచి 200 చుట్లు తిరగాలి. 100 కంటే కిందికి పడితే స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్‌లు ఎంత బాగున్నా తెల్లపొగ వదులుతూ సతాయిస్తుంది.

అందుకే మోటార్ లేబుల్ మీద కిలోవాట్ల అంకె ముఖ్యం. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ 0.8 నుంచి 1.2 కిలోవాట్ల దాకా ఉంటుంది, డీజిల్ కార్లలో మాత్రం 1.7 నుంచి 2.5 దాకా మామూలు. 2.2 కిలోవాట్లంటే దాదాపు 3 హార్స్‌పవర్. ఇక్కడో చిక్కుంది. ఒకే గేర్‌బాక్స్ గూడును కంపెనీ పెట్రోల్ ఇంజన్‌కూ డీజిల్ ఇంజన్‌కూ వాడి ఉంటే, పెట్రోల్ బండి సెల్ఫ్ కూడా డీజిల్ బండికి చక్కగా బిగుసుకునే అవకాశం ఉంది. బోల్టులు కలుస్తాయి, పళ్ళు కలుస్తాయి, వేసవిలో బండి స్టార్ట్ కూడా అవుతుంది. చలి మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది, ఈలోగా మోటార్ తన శక్తికి మించిన కరెంట్ లాగి లాగి లోపల వేడెక్కి, తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్‌లు, అవి రాసుకునే రాగి కమ్యూటేటర్ పాడుచేసుకుని ఉంటుంది. పాత మోటార్ మీద ఉన్న కిలోవాట్ల కంటే తక్కువ ఉన్నదాన్ని ఏ ధరకు వచ్చినా తీసుకోకూడదు. సమానంగా ఉండాలి, లేదా కొంచెం ఎక్కువ.

అయితే కొనే మాట తర్వాత. అసలు పోయింది మోటారేనా? మోటార్ బాగానే ఉండి కేబుల్ వల్లో ఎర్త్ వల్లో బండి మొరాయించడం పాత బండ్లలో చాలా మామూలు, కొత్త మోటార్ బిగించాక కూడా అదే మూలుగు వినిపించినప్పుడు గానీ అది తెలియదు. మొదట బ్యాటరీ. నిండుగా ఛార్జ్ అయి విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 చూపించాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ అయినా బలహీనంగా ఉండాలి, మోటార్ అయినా అతిగా లాగుతూ ఉండాలి, బాగున్నదని తెలిసిన ఇంకో బ్యాటరీ పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. బ్యాటరీ మీద రాసే సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్) అంకెను కూడా డీజిల్ బండి ఉన్నవాళ్ళు పట్టించుకోవాలి. సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉన్న చలిలో, 7.2 వోల్టుల కంటే తగ్గకుండా, 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. చలి పెరిగే కొద్దీ బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి మోటార్‌కు బరువు పెరుగుతుంది, రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

బ్యాటరీ బాగుంటే కేబుళ్ళ పరీక్ష. దీనికి మామూలు మల్టీమీటర్ చాలు. ఒక కొనను బ్యాటరీ ప్లస్ పోస్ట్ మీద, అంటే క్లాంప్ మీద కాకుండా సీసపు పోస్ట్ మీదే పెట్టి, రెండో కొనను సెల్ఫ్ మోటార్ లావు బోల్టుకు తాకించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. మీటర్ 0.5 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో కరెంట్ వృథా అవుతోంది. అలాగే బ్యాటరీ మైనస్ పోస్ట్ నుంచి మోటార్ బాడీకి కొలిస్తే 0.3 దాటకూడదు. ఇంత చిన్న అంకెల గురించి టెన్షన్ ఎందుకు అనిపించొచ్చు గానీ, డీజిల్ సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతూ 300 ఆంపియర్లు లాగుతుంటే, కేబుల్‌లో 5 మిల్లీ ఓముల నిరోధం ఉన్నా 1.5 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. కేబుల్ చివర తుప్పు పట్టిన ఒక్క లగ్ చాలు అంత నిరోధానికి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని మాత్రం ఎవరూ చూడరు, ఆయిల్ పట్టి, పోగులు తెగి, ఎప్పటికో విరిగిపోతుంది. అప్పుడు కరెంట్ ఇంకో దారి వెతుక్కుంటుంది, యాక్సిలరేటర్ కేబులో క్లచ్ కేబులో దారిగా మారుతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వేడిగా తగిలితే మోటార్ జోలికి వెళ్ళక్కర్లేదు, ఎర్త్ పట్టీ మార్చాలి.

"టక్" శబ్దం వచ్చి మోటార్ తిరగకపోతే అనుమానం సోలనాయిడ్ మీదికి, అంటే మోటార్ మీద కూర్చునే అయస్కాంతపు స్విచ్ మీదికి వెళ్ళాలి. సోలనాయిడ్ రెండు పనులు చేస్తుంది, పినియన్‌ను, అంటే మోటార్ చివరి చిన్న పళ్ళ చక్రాన్ని ముందుకు తోసి, ఇంజన్‌తో తిరిగే బరువైన ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్ళలో కలుపుతుంది, ఆ తర్వాత లోపలున్న రాగి కాంటాక్టులను కలిపి బ్యాటరీ కరెంట్‌ను మోటార్‌కు వదులుతుంది. ఈ రాగి కాంటాక్టులు వేల సార్లు నిప్పురవ్వలు తిని అరిగిపోతాయి. డెన్సో మోటార్లు చాలావాటిలో వీటిని విడిగా మార్చుకోవచ్చు, రెండు కాంటాక్టులు, ఒక ప్లంజర్, అంతే, మోటార్ మళ్ళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఇంత చిన్న పనికి మొత్తం మోటార్‌ను పారేయడం చూస్తే నిజంగా బాధేస్తుంది. ఆ "టక్" కూడా రాకపోతే తాళం నుంచి వచ్చే సన్న వైరు, అంటే 50వ నంబరు టెర్మినల్ దగ్గర వోల్టేజీ చూడాలి. సోలనాయిడ్ లాగే ఆ క్షణంలో 30 నుంచి 50 ఆంపియర్లు కావాలి, ముప్పై ఏళ్ళ వాడకంలో అరిగిన ఇగ్నిషన్ స్విచ్ అంత కరెంట్‌ను సరిగ్గా ఇవ్వలేదు. అలాంటి చోట మధ్యలో ఒక రిలే పెడితే స్విచ్‌కూ ఊపిరి ఆడుతుంది, సోలనాయిడ్‌కూ పూర్తి వోల్టేజీ అందుతుంది.

ఇంకో పరీక్ష ఉంది, ఇది తప్పించుకోకూడనిది. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పట్టించి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. డీజిల్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ చాలా తక్కువ, హెడ్ గ్యాస్కెట్ లీకై కొంచెం నీళ్ళు సిలిండర్‌లో చేరినా ఇంజన్ అక్కడే బిగుసుకుపోతుంది. అలాంటి ఇంజన్‌ను బలమైన కొత్త సెల్ఫ్‌తో తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పానాతో తిప్పేటప్పుడు కంప్రెషన్ దగ్గర బిగువుగా ఉండి మెల్లగా వదులుకోవడం మామూలే. గోడకు గుద్దుకున్నట్టు ఆగితే మాత్రం సమస్య సెల్ఫ్‌ది కాదు.

ఇవన్నీ చూసి మోటారే పోయిందని తేలాక, ఏ రకం తీసుకోవాలన్న ప్రశ్న వస్తుంది. పాత డీజిల్ బండ్లలో ఎక్కువగా వచ్చినవి డైరెక్ట్ రకం, మోటార్ లోపల తిరిగే భాగమైన ఆర్మేచర్ ఇరుసు మీదే పినియన్ ఉంటుంది, మోటార్ ఎంత వేగంగా తిరిగితే పినియన్ కూడా అంతే. బలం కావాలంటే మోటార్ పెద్దది కావాలి, అందుకే అవి లావుగా, ఒంటిచేత్తో పట్టుకోలేనంత బరువుగా ఉంటాయి. తర్వాత వచ్చింది గేర్ రిడక్షన్ రకం. చిన్న మోటార్ చాలా వేగంగా తిరుగుతుంది, మధ్యలో ఉన్న గేర్లు ఆ వేగాన్ని మూడు నుంచి ఐదో వంతుకు తగ్గించి ఆ మేరకు టార్క్ పెంచుతాయి. డెన్సో వాడిన పద్ధతిలో మోటార్ పక్కకు జరిగి ఉంటుంది, మధ్యలో ఒక గేరు దాని తిప్పుడును పినియన్ వైపుకు చేరవేస్తుంది. బాష్, వాలియో లాంటి కంపెనీల మోటార్లలో ఎక్కువగా కనిపించేది ఒకే వరుసలో ఉండే ప్లానెటరీ గేర్ల పద్ధతి. బరువు దాదాపు సగానికి పడిపోతుంది, అదే పనికి బ్యాటరీ నుంచి లాగే కరెంట్ కూడా తగ్గుతుంది. పాత కేబుళ్ళు, సగం అలసిన బ్యాటరీ ఉన్న బండికి ఇది నిజమైన ఉపశమనం. తిరిగేటప్పుడు శబ్దం మారుతుంది, పాతదాని బరువైన గుర్రుకు బదులు సన్నటి ఈల లాంటి శబ్దం వస్తుంది, భయపడాల్సింది ఏమీ లేదు.

గేర్లు శక్తిని పుట్టించవు అన్నది మాత్రం మర్చిపోకూడదు. "గేర్ రిడక్షన్ కదా, 1.4 కిలోవాట్లయినా మీ పాత 2.2తో సమానం" అని అమ్మేవాళ్ళు చెప్తుంటారు. గేరు వేగం తగ్గించి టార్క్ పెంచగలదు, మొత్తం పని చేసే శక్తి ఆ లేబుల్ మీద ఉన్నంతే. అలాంటి చిన్న మోటార్ ఇంజన్‌ను తిప్పుతుంది, కానీ డీజిల్ అంటుకునే వేగానికి తీసుకెళ్ళలేదు. ఇంకా రెండు జాగ్రత్తలు. చాలా గేర్ రిడక్షన్ మోటార్లలో ఫీల్డ్ కాయిల్‌కు (కరెంట్ పారితే అయస్కాంతమయ్యే తీగచుట్టకు) బదులు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, ఇవి పింగాణీలా పెళుసు. పాత మోటార్ ఇరుక్కుంటే సుత్తితో నాలుగు దెబ్బలు వేసే అలవాటు ఉన్నవాళ్ళు దీని మీద అలా చేస్తే అయస్కాంతం పగిలి ముక్కలు ఆర్మేచర్‌కు అడ్డం పడతాయి, ఆ మోటార్ ఇక అంతే. కొనేటప్పుడు కూడా పెట్టె నలిగి, మోటార్ కింద పడిన గుర్తులుంటే వెనక్కి పంపేయాలి. రెండోది, కొన్నింట్లో ప్లానెటరీ గేర్ల చుట్టూ ఉండే రింగ్ ప్లాస్టిక్‌ది, డీజిల్ పంపు టైమింగ్ తప్పి ఇంజన్ వెనక్కి తన్నితే ఆ దెబ్బకు పళ్ళు ఊడతాయి. మొత్తానికి, ఆ ఇంజన్ కోసమే తయారైన గేర్ రిడక్షన్ మోటార్ సరైన కిలోవాట్లతో దొరికితే దాన్నే తీసుకోవడం మంచిది. వేరే బండి మోటార్‌ను మధ్యలో ప్లేటు పెట్టి అమర్చే పని మాత్రం వద్దు, పినియన్ లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా రింగ్ గేర్ నాశనమవుతుంది.

ఇప్పుడు కొలతలు. మొదట పాత మోటార్‌ను తుడిచి లేబుల్ చదవాలి. బాష్ వాళ్ళ నంబర్ 10 అంకెలది, కొత్త మోటార్లకు 0 001తో మొదలవుతుంది, ఫ్యాక్టరీలో బాగుచేసి అమ్మినవాటికి 0 986తో. డెన్సో మోటార్లలో 028000, 128000, 228000 లాంటి అంకెలతో మొదలవుతుంది. ఆ నంబర్‌తో వెతికితే బండి పేరుతో వెతికినదానికంటే వంద రెట్లు నమ్మకం. కానీ ముప్పై ఏళ్ళ బండి మీద ఉన్న మోటార్ ఫ్యాక్టరీలో బిగించినదే అన్న గ్యారంటీ లేదు, ఇదివరకటి ఓనరు ఎవరో దొరికింది బిగించి ఉండొచ్చు, కాబట్టి ఛాసిస్ నంబర్‌తో విడిభాగాల కేటలాగ్‌లో ఒకసారి సరిచూసుకోవాలి. తర్వాత పినియన్ పళ్ళు లెక్కపెట్టాలి. 9, 10, 11, ఇలా ఉంటాయి, ఒక్క పన్ను తేడా ఉన్నా కొనకూడదు. పినియన్ వైపు నుంచి చూసినప్పుడు ఏ దిక్కుకు తిరుగుతుందో చూడాలి, చాలా లేబుళ్ళ మీద బాణం గుర్తు ఉంటుంది. బోల్టు రంధ్రాలు రెండా మూడా, వాటి మధ్య దూరం ఎంత, రంధ్రంలో మర ఉందా లేక బోల్టు దూరిపోయే నున్నటి రంధ్రమా, గూడులోకి దిగే గుండ్రటి అంచు వ్యాసం ఎంత, బిగించే ముఖం నుంచి విశ్రాంతిలో ఉన్న పినియన్ దాకా ఎంత దూరం, ఇవన్నీ వెర్నియర్‌తో కొలిచి రాసుకోవాలి. సోలనాయిడ్ ఏ కోణంలో కూర్చుందో కూడా చూసుకోకపోతే అది ఇంజన్ మౌంటుకో ఎగ్జాస్ట్‌కో తగులుతుంది. పాత ల్యాండ్ క్రూజర్ డీజిల్‌ లాంటి కొన్ని బండ్లలో సెల్ఫ్ 24 వోల్టులది, అక్కడ 12 వోల్టులది పెడితే కాలిపోతుంది. మాన్యువల్ గేర్‌కూ ఆటోమేటిక్‌కూ వేర్వేరు మోటార్లు ఉన్న ఇంజన్లు కూడా ఉన్నాయి.

చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. కొన్ని మోటార్లకు ముక్కు చివర సొంత బుష్ (ఇరుసు కొనను పట్టి ఉంచే చిన్న గొట్టం) ఉండదు, పాత ఫోక్స్‌వ్యాగన్ కార్లు కొన్నింట్లో ఇరుసు చివర గేర్‌బాక్స్ గూడులో బిగించిన బుష్‌లో కూర్చుంటుంది. ఆ బుష్ అరిగితే ఇరుసు ఊగి, ఆర్మేచర్ లోపల రుద్దుకుని, కొత్త మోటార్ కూడా పాతదానిలాగే మూలుగుతుంది. మోటార్ మార్చే రోజే ఆ చిన్న బుష్ కూడా మార్చేయాలి.

కొత్తదా, బాగుచేసిందా అన్న విషయంలో ఒక అభిప్రాయం గట్టిగా చెప్పాలి. పేరు తెలియని చవక కొత్త మోటార్ కంటే, బండితో వచ్చిన అసలు మోటార్‌ను మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విప్పించి కార్బన్‌లు, బుష్‌లు, బెండిక్స్ (పినియన్ ఉండే క్లచ్ ముక్క), సోలనాయిడ్ మార్పించుకోవడం చాలాసార్లు మేలు. ఆ పాత మోటార్ ఇనుము, రాగి, చుట్టిన తీరు అన్నీ ఆ ఇంజన్ బరువు లెక్కేసి చేసినవి, అరిగేవి మాత్రం ఆ నాలుగైదు ముక్కలే. ఆర్మేచర్ వైండింగ్ కాలిపోయినా, తీగలు బయటికి చిమ్మినా, అల్యూమినియం ముక్కు పగిలినా అప్పుడు వేరే మోటార్ కొనాల్సిందే. బాగుచేసిన మోటార్ కొనేటట్టయితే రంగు చూసి మోసపోకూడదు, లోపల ఏమేం మార్చారు, కమ్యూటేటర్‌ను లేత్ మీద సాపు చేశారా, బరువు పెట్టి పరీక్షించారా అని అడగాలి. బల్ల మీద బ్యాటరీ తగిలిస్తే జుయ్యిమని తిరగడం పరీక్ష కిందికి రాదు, ఖాళీగా ఏ మోటారైనా తిరుగుతుంది. పాతది ఇచ్చి కొత్తది తీసుకునే పద్ధతిలో అయితే కొత్తది బండిలో పనిచేసేదాకా పాతదాన్ని చేతిలోనే ఉంచుకోవాలి, పోల్చి చూడటానికి ఇంకేదీ మిగలదు.

బిగించేటప్పుడు ముందుగా బ్యాటరీ మైనస్ విప్పాలి, సెల్ఫ్‌కు వచ్చే లావు కేబుల్‌కు చాలా బండ్లలో ఫ్యూజే ఉండదు, పానా తగిలితే నేరుగా నిప్పులే. మోటార్ కూర్చునే ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేలా శుభ్రం చేయాలి, ఎర్త్ దొరికేది అక్కడినుంచే. సోలనాయిడ్ నట్లను బలంగా బిగిస్తే బోల్టు తిరిగి వెనకున్న మూత పగులుతుంది. పైనుంచి ఆయిల్ కారుతుంటే ఆ లీకు ముందు ఆపాలి, వేడికి అడ్డుగా ఉన్న రేకు విప్పితే తిరిగి పెట్టాలి, లేకపోతే ఎగ్జాస్ట్ వేడికి బండి వేడిగా ఉన్నప్పుడల్లా సెల్ఫ్ మొరాయిస్తుంది.

మోటార్ బయట ఉన్నప్పుడే ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, ఇంజన్‌ను పానాతో మెల్లగా తిప్పుతూ రింగ్ గేర్ పళ్ళన్నీ చూడాలి. 4 సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడల్లా కంప్రెషన్ ఒత్తిడికి దాదాపు ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలో ఒకచోట ఆగుతుంది, అందుకే అరుగుదల కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ, మిగతాదంతా కొత్తలా కనిపించినా మోసపోకూడదు. బిగించాక మొదటిసారి సెల్ఫ్ కొట్టేటప్పుడు చెవి పెట్టి వినాలి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కీచుమని సన్నటి శబ్దం వస్తే పినియన్ రింగ్ గేర్‌కు దూరంగా ఉన్నట్టు, ఇంజన్ అంటుకుని తాళం వదిలిన క్షణంలో ఊళ వేసినట్టు వస్తే మరీ దగ్గరగా ఉన్నట్టు. రెంటిలో ఏది వచ్చినా మోటార్ దించి కొలతలు మళ్ళీ చూడాలి, నాలుగు రోజులకు సర్దుకుంటుందిలే అని వదిలేస్తే అరిగేది రింగ్ గేర్, దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ కిందికి దించాలి.